మైకు కనిపించొద్దు.. మాట వినిపించాలి

* రంగస్థల నటుడి ఒంటిపై వైర్‌లెస్ మైకు అమర్చడమూ ఒక కళే
* ఆహార్యంలో భాగంగా చూస్తేనే ఫలితం
* చెమట, తీగ, తరంగం.. మూడింటితోనే అసలు చిక్కు

కిరీటం, భుజకీర్తులు, పట్టుపీతాంబరంతో శ్రీకృష్ణుడు కురుసభలో అడుగుపెడతాడు. చెంప పక్కన మాత్రం నల్లటి ప్లాస్టిక్ కడ్డీ, దాని చివర స్పాంజి ఉండ! అంతవరకు రంగాలంకరణ, వేషధారణ కలిసి నిలబెట్టిన ద్వాపర యుగం ఆ ఒక్క వస్తువుతో చెదిరిపోతుంది. పోనీ మైకు తీసేద్దామంటే వెనుక వరుసల్లో కూర్చున్న ప్రేక్షకుడికి పద్యం చేరదు. మైకు ఉంటే కంటికి ఎబ్బెట్టు, లేకుంటే చెవికి లోటు. పౌరాణిక నాటకం ఆడే ప్రతి సమాజమూ నేడు ఈ రెంటి మధ్యే నలుగుతోంది.

ఈ చిక్కుకు పరిష్కారం లేకపోలేదు. కందిగింజంత మైకును నటుడి నుదుటిపైనో, పాపిటలోనో దాచి, దాని తీగను విగ్గు కిందుగా నడిపి, నడుము వద్ద ఉన్న చిన్న ప్రసార యంత్రానికి కలిపే పద్ధతి ప్రపంచవ్యాప్తంగా నాటకశాలల్లో స్థిరపడింది. లండన్‌లో 1981లో ‘క్యాట్స్’, 1985లో ‘లే మిజరబుల్’, 1986లో ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ వంటి సంగీత నాటకాలు తెరపైకెత్తిన కాలంలో ఈ విధానం బాగా వేళ్లూనుకుంది. యంత్రాన్ని కొనడం ఒక్కటే సరిపోదు. దాన్ని ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అమర్చాలన్నదే అసలు విద్య.

గొంతే మైకైన రోజులు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ప్రదర్శనతో సురభి నాటక సమాజం పుట్టింది. అప్పటికి మైకు లేదు, లౌడ్‌స్పీకరు లేదు. నటుడి గొంతే సర్వస్వం. నాభి నుంచి ఊపిరి తీసి, చివరి వరుస దాకా అక్షరం చెడకుండా పలకగలగడం నటుడికి తొలి అర్హతగా ఉండేది. పద్యం ఎత్తుకుంటే పందిరి అవతల నిలబడినవారికీ వినిపించాలి. అందుకే ఆ తరం నటులు శ్రుతిని బాగా పైకి పెట్టుకునేవారు.

మైకు వచ్చాక వినికిడి పెరిగింది, కదలిక తగ్గింది. రంగస్థలం ముందు భాగంలో రెండో మూడో స్టాండు మైకులు పెట్టడం, పద్యం రాగానే నటుడు మైకు దగ్గరకు నడిచి వచ్చి పాడి మళ్లీ వెనక్కి వెళ్లడం పరిపాటిగా మారింది. ఎదుటి పాత్రతో మాట్లాడాల్సిన నటుడు మైకుతో మాట్లాడాల్సి వచ్చింది. తర్వాత పైనుంచి వేలాడదీసే మైకులు వచ్చినా వాటి కింద నిలబడితేనే మాట స్పష్టంగా వినిపిస్తుంది. దృశ్యంలో ఎవరు ఎక్కడ నిలబడాలో దర్శకుడు కాకుండా మైకు నిర్ణయించే పరిస్థితి అది. ఒంటిపై అమర్చే మైకు ఆ సంకెలను తెంచింది. సింహాసనంపై కూర్చున్నా, నేలపై కూలబడినా, రంగస్థలం వెనుకకు తిరిగి నడుస్తున్నా నటుడి మాట ఒకే తీరున ప్రేక్షకుడికి చేరే వీలు కలిగింది.

దూరం లెక్కే కీలకం

నోటికి, మైకుకు మధ్య దూరం రెట్టింపయిన ప్రతిసారీ మైకుకు అందే స్వరం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందన్నది ధ్వనిశాస్త్ర సూత్రం. నుదుటి మీది మైకు నోటికి దాదాపు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వేలాడే మైకు 3 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే అది 20 రెట్ల దూరం. అంటే స్వరంలో 26 డెసిబెల్స్ తేడా. ఆ లోటు పూడ్చడానికి ఆపరేటర్ మైకు శక్తిని పెంచితే, అది నటుడి మాటతో పాటు ఫ్యాన్ల హోరు, తెర వెనుక గుసగుసలు, చివరకు స్పీకర్లలోంచి వచ్చే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. స్పీకరు శబ్దం మైకులోకి, మైకు శబ్దం స్పీకరులోకి చక్రంలా తిరిగి ‘కుయ్’మనే కూతగా మారుతుంది. నాటకం మధ్యలో మైకు కూయడానికి చాలాసార్లు కారణం ఇదే.

మైకు నోటికి దగ్గరయ్యేకొద్దీ ఈ బెడద తగ్గుతుంది. ఆ లెక్కన చెంప పక్క కడ్డీ మైకే అన్నిటికన్నా మేలు. అది కంటికి కనిపిస్తుందన్నదే దాని లోపం. వ్యాఖ్యాతకు, గాయకుడికి ఆ లోపం లెక్కలోది కాదు. పాత్రధారికి మాత్రం అదే పెద్ద లోపం.

నుదురే అనువైన చోటు

సభల్లో వక్తలకు పెట్టే కాలర్ మైకును నటుడి ఎదపై అమర్చడం చాలామంది చేసే తొలి ప్రయత్నం. నాటకంలో ఇది అంతగా పనికిరాదు. నటుడు కుడివైపు తిరిగి మాట్లాడితే నోరు మైకుకు దూరమవుతుంది, తల వంచితే దగ్గరవుతుంది. దాంతో మాట ఒకసారి హెచ్చు, ఒకసారి తగ్గు. గడ్డం నీడ పడటం వల్ల శ, ష, స వంటి అక్షరాల పదును కూడా తగ్గిపోతుంది. పౌరాణిక వేషంలో మరో సమస్య.. హారాలు, కంఠాభరణాలు మైకుకు తగిలి గలగలమంటాయి. బట్ట రాపిడి శబ్దం దీనికి అదనం.

నుదుటి మధ్యలో, సరిగ్గా జుట్టు మొదలయ్యే చోట మైకు పెడితే ఈ బాధలేవీ ఉండవు. తల ఎటు తిరిగినా నోటికి, మైకుకు మధ్య దూరం మారదు. పైగా ముఖం మీది ఎముక భాగం కావడంతో బట్టల రాపిడి ఉండదు. విగ్గు అంచు, కిరీటం అంచు లేదా ముంగురులు మైకును సహజంగానే కప్పేస్తాయి. నుదుటిపై వీలుకానప్పుడు కణత వద్ద, అదీ కుదరకపోతే చెవి పైభాగాన చిన్న కొక్కెంతో చెంపకు ఆనించి అమర్చడం తర్వాతి మార్గాలు.

ఈ పనికి అన్ని దిక్కుల శబ్దాన్నీ సమానంగా గ్రహించే రకం మైకులే వాడతారు. ఒకే దిక్కు శబ్దాన్ని గ్రహించే రకమైతే మైకు కొద్దిగా పక్కకు జరిగినా మాట తగ్గిపోతుంది. డెన్మార్క్‌కు చెందిన డీపీఏ సంస్థ 4061 రకం మైకు వ్యాసం సుమారు 5.4 మిల్లీమీటర్లు. కంట్రీమ్యాన్ సంస్థ బీ6 రకం దాదాపు 2.5 మిల్లీమీటర్లే. అంటే ఆవగింజ కన్నా కొంచెం పెద్దది. పద్యనాటకానికి మైకు ఎంచుకునేటప్పుడు పరిమాణంతో పాటు మరొకటి చూడాలి. రాగాలాపనలో గొంతు తారస్థాయికి చేరినప్పుడు పగలకుండా తట్టుకోగల తక్కువ సున్నితత్వపు రకమే దీనికి సరిపోతుంది. మామూలు సంభాషణకు తగిన అతి సున్నితమైన మైకు, పద్యం చివర సాగదీతకు బొంగురుపోయే ప్రమాదం ఉంది.

పాత్రను బట్టి చోటు మారాలి

శ్రీకృష్ణ రాయబారంలో కృష్ణుడికి, దుర్యోధనుడికి కిరీటాలుంటాయి. అంచు కిందుగా మైకును దాచడం తేలిక. అయితే కిరీటాన్ని మైకుపై నేరుగా అదమకూడదు. అట్ట, రేకు, అద్దాల బరువుకు మైకు రంధ్రం మూసుకుపోయి మాట మూగబోతుంది. కిరీటం అంచుకు లోపలివైపు చిన్న గాడి విడిచి, మైకు తల అందులోంచి ఒకట్రెండు మిల్లీమీటర్లు బయటకు తొంగిచూసేలా అమర్చాలి. ప్రసార యంత్రాన్ని మాత్రం కిరీటంలో పెట్టకపోవడమే మేలు. లోహపు రేకులు తరంగాలను అడ్డుకుంటాయి.

సత్యహరిశ్చంద్ర నాటకంలో సమస్య వేరు. రాజవేషంలో నగలన్నీ ధరించిన హరిశ్చంద్రుడు కాటికాపరిగా మారేసరికి ఒంటిపై దాచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాటి సీను పద్యాల కోసమే వచ్చే ప్రేక్షకులుంటారు కాబట్టి అక్కడ మైకు తడబడితే నాటకమే తడబడినట్లు. ఇలాంటి పాత్రకు మొదటి అంకం నుంచే యంత్రాన్ని దుస్తులకు కాకుండా, దుస్తుల లోపల నడుముకు కట్టే మెత్తటి గుడ్డ పట్టీలో ఉంచాలి. పైదుస్తులు ఎన్నిసార్లు మారినా మైకు కదలదు. కాటి సీనులో భుజంపై వేసుకునే గొంగడి వెన్ను మీది తీగను కప్పేస్తుంది. అదీ లేకపోతే యంత్రాన్నే విగ్గు లోపల తల వెనుక భాగాన ఉంచే పద్ధతి ఉంది. ఇందుకు అతి చిన్న యంత్రాలు అవసరం.

ద్రౌపదికి పాపిట మొదట్లో, పాపిట బిళ్ల వెనుకగా మైకు చక్కగా ఒదుగుతుంది. బిళ్ల కదిలి మైకుకు తగలకుండా దాన్ని జుట్టుకు పిన్నుతో బిగించాలి. వస్త్రాపహరణ ఘట్టంలో దుశ్శాసనుడు ఏ వైపు జుట్టు పడతాడో ముందే తెలుసుకుని, తీగను రెండో వైపు నుంచి దించాలి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోకపోతే ఒక్క లాగుతో తీగ తెగుతుంది, అక్కడి నుంచి ద్రౌపది మొర ఎవరికీ వినిపించదు. ఋషులు, మునుల పాత్రలకు గడ్డంలో మైకు దాచాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. గడ్డం అంటించే స్పిరిట్ గమ్ మైకు రంధ్రంలోకి దిగితే ఇక ఆ మైకు పనికిరాదు. జటల అంచునే నుదుటిపై పెట్టుకోవడం క్షేమం.

సురభి వారి ‘మాయాబజార్’ వంటి నాటకాల్లో పాత్రలు గాలిలో తేలతాయి, అంతలో మాయమవుతాయి. తీగలతో పైకి లేపే పాత్రకు నడుము చుట్టూ బిగించే కట్టు ఉంటుంది. ఆ కట్టు కింద యంత్రం పెడితే నటుడి వెన్నెముకకు ఒత్తిడి, యంత్రానికీ దెబ్బ. భుజాల మధ్య లేదా తొడ పక్కన అమర్చడం మంచిది. గదాయుద్ధం, దొర్లడం, వెల్లకిలా పడటం ఉన్న పాత్రలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒంటిలో ఏ భాగం నేలను తాకుతుందో చూసి, ఆ భాగాన్ని వదిలి యంత్రాన్ని కట్టాలి.

సాంఘిక నాటకంలో విగ్గులు, కిరీటాలు ఉండవు. నటుడి సొంత జుట్టులోనే దాచాలి. బట్టతల ఉన్న నటుడికి చెవి వెనుక నుంచి తీసుకొచ్చి కణత వద్ద చర్మం రంగు మైకు పెట్టడం తప్ప మరో దారి లేదు. టోపీ, తలపాగా, కళ్లజోడు ఉన్న పాత్రలైతే అవే ఆసరా. కళ్లజోడు కాడకు మైకును అంటిస్తే కనిపెట్టడం కష్టం. కానీ ఆ పాత్ర కథలో ఎక్కడా కళ్లజోడు తీయకూడదు.

అంటించడమూ ఒక క్రమమే

మైకు అమర్చే పని మేకప్‌కు ముందా, తర్వాతా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేలకపోవడం వల్లే చాలా సమాజాల్లో తెర లేచే ముందు హడావుడి మొదలవుతుంది. మేకప్, విగ్గు, కిరీటం అన్నీ పూర్తయ్యాక మైకు పట్టుకుని వస్తే దాన్ని దాచే చోటు ఉండదు, టేపు అంటదు. గ్రీజు పెయింటు, పౌడరు పూసిన చర్మంపై ఏ టేపూ నిలవదు. అందుకే క్రమం ఇలా ఉండాలి.

ముందు నటుడి జుట్టును అదిమి పిన్నులతో బిగించాలి. నుదుటిపై, మెడ వెనుక టేపు అంటించే చోట్లను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మైకును నుదుటి మధ్యలో ఉంచి, దాని వెనుక ఒక అంగుళం దూరాన తీగను జుట్టుకు సన్నటి క్లిప్పుతో బిగించాలి. మైకు తలపై మాత్రం టేపు పడకూడదు. తీగను పాపిట వెంట వెనక్కి నడిపి, రెండు మూడు చోట్ల పిన్నులతో పట్టి, మెడ వెనుకకు దించాలి. అక్కడ నటుడిని తల ముందుకు వంచమని, తర్వాత రెండు పక్కలకూ తిప్పమని చెప్పి, అందుకు సరిపడా తీగ వదులుగా ఉంచి సర్జికల్ టేపుతో అంటించాలి. అక్కడి నుంచి వెన్ను మీదుగా నడుము వద్ద ఉన్న యంత్రానికి చేరుతుంది. ఆ తర్వాతే మేకప్, విగ్గు, కిరీటం.

తీగను తెగ బిగించి అంటించడం తరచూ జరిగే పొరపాటు. తల తిప్పిన ప్రతిసారీ ఆ లాగుడు మైకుకు చేరి ‘టక్’మన్న చప్పుడవుతుంది. రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మైకులు నలుపు, గోధుమ, చర్మం రంగుల్లో దొరుకుతాయి. నలుపు జుట్టులో నల్లటిది, నుదుటిపై పడే భాగానికి చర్మం రంగుది నప్పుతుంది. దొరకకపోతే తీగపై అదే రంగు మేకప్ పూయవచ్చు. మైకు రంధ్రానికి రంగు తగలకుండా చూడాలి. చివరగా నటుడిని రంగస్థలం దీపాల కింద నిలబెట్టి, హాలులో పదో వరుస నుంచి చూడాలి. అద్దం ముందు కనిపించిన తీగ అక్కడి నుంచి కనిపించకపోవచ్చు. దగ్గర్లో కనిపించని ప్లాస్టిక్ మెరుపు దీపాల వెలుగులో మెరవవచ్చు.

చెమటే తొలి శత్రువు

తెలుగునాట నాటకాలు ఎక్కువగా శివరాత్రి నుంచి వేసవి దాకా సాగే ఉత్సవాల్లో, ఆరుబయట పందిళ్లలో జరుగుతాయి. కోస్తా ఉక్కపోత, పట్టు దుస్తులు, విగ్గు, దీపాల వేడి.. అన్నీ కలిసి నటుడి నుదుటిపై చెమట ధారకడుతుంది. ఒక్క చుక్క మైకు రంధ్రంపై నిలిస్తే చాలు, నటుడు నీటిలోంచి మాట్లాడుతున్నట్లు మాట ముద్దగా మారుతుంది. ఆపరేటర్ ఎంత సవరించినా అది బాగుపడదు. తడి ఆరాల్సిందే.

దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. మైకుకు కాస్త వెనుకగా తీగపై దూదిదారం రెండు మూడు చుట్లు చుడితే, తీగ వెంట జారే చెమట మైకును చేరకుండా దారంలోనే ఇంకుతుంది. మైకు తలపై తీసి పెట్టే చిన్న మూత ఉంటే, అంకానికి అంకానికి మధ్య తడిసిన మూత తీసి పొడిది తొడగవచ్చు. మెత్తటి కాగితం అంచుతో తడిని అద్దాలి తప్ప రుద్దకూడదు, నోటితో ఊదకూడదు. ఊపిరిలోనూ తేమ ఉంటుంది. నాటకం ముగిశాక మైకులను సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో రాత్రంతా ఉంచితే తేమ పూర్తిగా పోతుంది.

నడుము వద్ద ఉండే యంత్రానికీ ఇదే ప్రమాదం. వెన్ను మీదుగా జారిన చెమట తీగ కలిసే చోట చేరితే గరగర శబ్దాలు వస్తాయి, కొన్నాళ్లకు తుప్పు పడుతుంది. యంత్రానికి పలుచటి రబ్బరు తొడుగు వేసి పైన దారంతో కట్టడం దీనికి విరుగుడు. విదేశీ నాటకశాలల్లో కందెన పూయని కండోములనే ఇందుకు వాడటం పాత అలవాటు. వినడానికి వింతగా ఉన్నా, తక్కువ ఖర్చుతో ఇంత పలుచటి, తడి చొరని తొడుగు మరొకటి దొరకదు.

గాలిలో దారి వెతకాలి

మైకు ఎంత బాగా అమర్చినా, తరంగాలకు దారి సరిగా లేకపోతే శ్రమ వృథా. ఈ మైకులు ఎక్కువగా యూహెచ్ఎఫ్ తరంగాలపై పనిచేస్తాయి. 600 మెగాహెర్ట్జ్ వద్ద తరంగం పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. యాంటెనా అందులో నాలుగో వంతు, అంటే 12.5 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ చిన్న తోకను మడిచి దట్టీలో దోపినా, చెమట పట్టిన చర్మానికి అతుక్కుపోయినా బలం తగ్గుతుంది. మనిషి శరీరంలోని నీరు తరంగాలను పీల్చుకుంటుంది. యాంటెనా నిటారుగా, చర్మానికి కొద్దిపాటి ఎడంగా ఉండేలా పట్టీ కుట్టించాలి.

రిసీవర్లను హాలు చివర మిక్సర్ పక్కన పెట్టడం మరో పొరపాటు. జనం నిండాక ఆ దూరమంతా మానవ గోడే. రిసీవర్లను రంగస్థలం పక్క వింగులో, తల ఎత్తుకు పైన, నటుడు నేరుగా కనిపించే చోట ఉంచి, అక్కడి నుంచి మిక్సర్ దాకా తీగ లాగాలి. ఈ మధ్య రంగస్థలం వెనుక ఎల్‌ఈడీ తెరలు పెట్టడం పెరిగింది. వాటి నుంచి వెలువడే విద్యుత్ అలజడి మైకులను దెబ్బతీయవచ్చు. యాంటెనాలను తెరకు దూరంగా ఉంచాలి, తెర వెలిగించాకే మైకులను పరీక్షించాలి.

పాత మైకులు కొనేవారు తెలుసుకోవాల్సిన విషయం మరొకటి ఉంది. 2022 ఆగస్టులో జరిగిన వేలం తర్వాత మన దేశంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండు మొబైల్ సేవలకు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో 5జీ సేవలు మొదలయ్యాయి. అమెరికాలో 2010 జూన్‌లోనే ఈ బ్యాండులో వైర్‌లెస్ మైకులను నిషేధించారు. తక్కువ ధరకు వస్తుందని ఆ బ్యాండు మైకు కొంటే, పక్కనే సెల్ టవర్ ఉన్న ఊరిలో నాటకమంతా గరగరే మిగలవచ్చు. మన దేశంలో ఏ తరంగాలను ఎవరు వాడాలో కేంద్ర టెలికమ్యూనికేషన్ల విభాగం పరిధిలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నిర్ణయిస్తుంది. మైకు కొనే ముందు అది ఏ తరంగంపై పనిచేస్తుందో, దానికి అనుమతి ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

2.4 గిగాహెర్ట్జ్‌పై పనిచేసే చవక మైకులు వైఫై తరంగాలతో దారి పంచుకుంటాయి. ఖాళీ హాలులో పరీక్షించినప్పుడు చక్కగా పలికి, వందల సెల్‌ఫోన్లతో జనం వచ్చి కూర్చున్నాక తడబడతాయి.

ఒకటికి మించి మైకులు వాడేటప్పుడు తరంగాలను సమదూరంలో పెట్టకూడదు. 600.0, 600.4 మెగాహెర్ట్జ్‌లపై రెండు మైకులు పనిచేస్తుంటే, వాటి కలయిక వల్ల 599.6, 600.8 వద్ద కూడా దొంగ తరంగాలు పుడతాయి. మూడో మైకును 600.8పై పెడితే గొడవ ఖాయం. యంత్రాల తయారీదారులు ఇచ్చే గ్రూపు, ఛానల్ పట్టికను పాటించి, ఒకే గ్రూపులోని ఛానళ్లనే అన్నిటికీ ఇస్తే ఈ తలనొప్పి ఉండదు.

వేలికొసల్లో నాటకం

మిక్సర్ ముందు కూర్చున్న వ్యక్తికి నాటకం ప్రతి చేతిలో ఉండాలి. మైకులన్నీ ఒకేసారి తెరిచి ఉంచడం తేలికైన పని, చెడ్డ పని కూడా. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ కూత పెట్టకుండా పెంచగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మైకు స్థానంలో ఎనిమిది తెరిచి ఉంటే 9 డెసిబెల్స్ నష్టం. మాట్లాడుతున్న పాత్ర మైకునే పెంచి, మిగిలినవి తగ్గించడం ఉత్తమం. అందుకు ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో తెలియాలి.

హరిశ్చంద్రుడు, చంద్రమతి దగ్గరగా నిలబడి మాట్లాడుకునే దృశ్యంలో ఒకరి మాట ఇద్దరి మైకుల్లోనూ కాస్త ముందు వెనుకగా పడుతుంది. ఫలితంగా గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్లు ఉంటుంది. ఇద్దరిలో ఒకరి మైకునే తెరిచి ఉంచితే ఇద్దరి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. పద్యం అందుకునే ముందు శబ్దాన్ని కొద్దిగా తగ్గించి, వచనంలోకి దిగగానే పెంచాలి. నటుడికి హార్మోనియం శ్రుతి వినిపించేందుకు పెట్టే స్పీకరు అతని నుదుటి మైకుకు ఎదురుగా మోగకుండా కింద, పక్కగా ఉండాలి.

మర్యాద, ఆరోగ్యం మరవొద్దు

నటుడి ఒంటిని తాకి చేసే పని కాబట్టి దీనికి మర్యాద ఉంది. నటీమణులకు మైకు అమర్చే పని మహిళలకే అప్పగించాలి. వీలుకాకపోతే తీగను ఎలా నడపాలో చెప్పి, దుస్తుల లోపలి భాగాన్ని వారే అమర్చుకునే వెసులుబాటు ఇవ్వాలి. తాకే ముందు అడగడం, ఏం చేస్తున్నదీ చెప్పడం కనీస ధర్మం.

మరో మాట.. ఒంటిపై ఉన్న మైకు ఎప్పుడూ వింటూనే ఉంటుంది. గ్రీన్‌రూములో చెప్పుకున్న సొంత మాటలు హాలులో వినిపించిన ఉదంతాలు రంగస్థల వర్గాల్లో కొత్త కాదు. నటుడు తెర వెనుకకు రాగానే మిక్సర్ వద్ద ఆ మైకును ఆపడం ఆపరేటర్ బాధ్యత. యంత్రంపై ఉన్న స్విచ్చిని నటుడు ముట్టుకోకుండా ఉండటమే మంచిది. ఆపేసి మళ్లీ వేయడం మరిస్తే అసలుకే మోసం.

కొందరి చర్మానికి టేపు జిగురు పడదు. ముందురోజే ముంజేతిపై చిన్న ముక్క అంటించి చూసుకోవాలి. ఒకరు వాడిన మైకును మరొకరికి పెట్టే ముందు పైభాగాన్ని, తీగను స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవాలి. ద్రవం మైకు రంధ్రంలోకి పోకూడదు.

ఖర్చుకు తగ్గ దారి

పాత్రధారులందరికీ మైకులు సమకూర్చడం చిన్న సమాజాలకు భారమే. ఒకే రాత్రి మూడు నాలుగు నాటికలు ఆడే పరిషత్తు పోటీల్లో నాటికకు, నాటికకు మధ్య అందరికీ అమర్చే సమయమూ ఉండదు. అలాంటప్పుడు మధ్యేమార్గం మేలు. రంగస్థలం ముందు అంచున నేలపై రెండు మూడు ఫుట్ మైకులు పెట్టి, పద్యాలు ఎక్కువగా ఉన్న ఇద్దరు ముగ్గురు ప్రధాన పాత్రధారులకు మాత్రమే ఒంటి మైకులు అమర్చవచ్చు. రెండు మైకులున్నా శ్రద్ధగా అమరిస్తే, ఎనిమిది మైకులు అశ్రద్ధగా పెట్టిన దానికన్నా నాటకం బాగా వినిపిస్తుంది.

మైకు ఉంది కదా అని గొంతు సాధన మానడం మాత్రం తగదు. మైకు ఉన్న గొంతును పెంచుతుందే తప్ప లేని స్పష్టతను తేలేదు. మింగేసిన అక్షరం పెద్ద శబ్దంతో మింగేసిన అక్షరంగానే వినిపిస్తుంది.

ప్రదర్శన రోజు పాటించాల్సినవి

* ప్రతి ప్రదర్శనకూ కొత్త సెల్లులు వేయాలి. రాత్రంతా సాగే నాటకమైతే మధ్యలో ఏ అంకం తర్వాత మార్చాలో ముందే నిర్ణయించుకోవాలి.
* ఏ నటుడికి ఏ నంబరు మైకో కాగితంపై రాసి గ్రీన్‌రూములో, మిక్సర్ వద్ద అంటించాలి.
* తెర లేవడానికి గంట ముందే మైకుల అమరిక పూర్తికావాలి.
* పరీక్షలో ‘హలో.. హలో’ అనడం కాదు, పాత్రలో అతి పెద్దగా పాడే పద్యపాదం, అతి మెల్లగా పలికే మాట రెండూ అనిపించాలి.
* మైకు అమర్చిన వ్యక్తి నాటకం ముగిసేదాకా వింగులోనే ఉండాలి. టేపు, పిన్నులు, మెత్తటి కాగితం, అదనపు మైకు ఒకటి చేతిలో ఉంచుకోవాలి.
* నాటకం ముగిశాక తీగను పట్టుకుని లాగకుండా టేపు ఒక్కొక్కటే తీయాలి. యంత్రాల్లోంచి సెల్లులు తీసి భద్రపరచాలి.

గుర్తింపు లేని శ్రమ

అమెరికాలో నాటకరంగానికి ఇచ్చే టోనీ పురస్కారాల్లో శబ్ద రూపకల్పనకు 2008లో తొలిసారి చోటు దక్కింది. 2014 తర్వాత ఆ విభాగాన్ని తొలగించారు. నిరసనల అనంతరం 2018లో తిరిగి చేర్చారు. అక్కడే అలా ఉంటే, మన పరిషత్తుల్లో నటుడి నుదుటిపై మైకు దాచినవారి పేరు కరపత్రంలో కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. బాగా చేసిన పని ఎవరికీ కనిపించదు, చెడితే మాత్రం హాలంతటికీ తెలుస్తుంది.

అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలన్నారు మన పెద్దలు. మైకు పనిచేసేది వాచికం కోసం. కానీ దాన్ని అమర్చాల్సింది ఆహార్యంతో పాటే. కిరీటం కుట్టేనాడే మైకుకు గాడి, దుస్తులు కొలతలిచ్చేనాడే యంత్రానికి పట్టీ, మేకప్ మొదలయ్యే వేళకే నుదుటిపై మైకు సిద్ధంగా ఉండాలి. మేకప్‌మ్యాన్, సౌండ్ ఆపరేటర్, దర్శకుడు రిహార్సల్ నాడే ఒకచోట కూర్చుని ఈ సంగతి తేల్చుకుంటే చాలు. ఆనాడు మైకు దగ్గరకు నటుడు నడిచి వెళ్లాల్సిన అవసరం ఉండదు, ప్రేక్షకుడి దృష్టి మైకుపై నిలిచే అవకాశమూ ఉండదు.